తాడడిగిన పడవ

అదిగో, పాత కాలవ లాకు తలుపుల పక్కన నీళ్ళ మీదికి ఒరిగిపోయిన చింతచెట్టుందే, దాని కిందకి మేకల్ని కూడా తోలరు చూడండి. విరగ్గాస్తుంది, ఒక్కడైనా ఒక్క కాయ ఏరుకు తెచ్చుకోడు. కొత్త కాలవ తవ్వాక ఆ దారిన పడవలు మానేశాయని కాలవల ఆఫీసు వాళ్ళు చెబుతారు. వాళ్ళకేం తెలుసు, నిన్నగాక మొన్నొచ్చినోళ్ళు! ఎందుకు మానేశాయో నేను చెబుతాను, కూచోండి. ఒరేయ్, ఆ అగ్గిపెట్టె ఇలాగివ్వు, చుట్ట ఆరిపోయింది. ఆఁ.

లోవరాజని ఒక పడవాయన ఉండేవాడు. ఇల్లన్నా వాకిలన్నా అతనికి పడవే, దాంట్లోనే పొయ్యి, దాంట్లోనే పడక. పెళ్ళాం నూకాలు, తల్లి వీరమ్మ, ఇంతే మనుషులు. పైన కొండల్లో వెదుళ్ళేసుకుని, గోదారి దిగి, కాలవలో పడి, సముద్రం దగ్గర ఇసకమెరకకి బయల్దేరారు. ఇసకమెరక నూకాలుకి పుట్టిల్లు. ఆ పిల్లకి నెలలు నిండాయి. వెదుళ్ళ బేరమూ అవుతుంది, పెళ్ళాన్ని పురిటికి దింపినట్టూ ఉంటుందని లోవరాజు అనుకున్నాడు. ముందొక కడుపు నిలవలేదు, ఈ బిడ్డయినా దక్కాలి, అమ్మ దగ్గర కనాలి, నూకాలుకి ఇదొక్కటే కోరిక. ఇంకేం అక్కర్లేదు పాపం దానికి.

అలా రేవు రేవునా ఆగుతూ, వండుకుంటూ, తింటూ, పడుకుంటూ చివరాఖరికి వచ్చేశారు, ఇంక రేపో ఎల్లుండో చేరిపోతారనగా గాలిలో ఉప్పు తగిలింది. నూకాలు గుండెల నిండా పీల్చి, మా అమ్మ చారు వాసనొస్తోందత్తా అందిట. ఉప్పుగాలికీ చారుకీ ఏం సంబంధమే పిచ్చిదానా అని వీరమ్మ నవ్విందిట.

సరిగ్గా ఆ సందెవేళే ఈ చింతచెట్టు కిందికొచ్చారు. వస్తే, నీడలో ఇంకో పడవ. దాని మీద ఆరేసిన చీర, పొయ్యిలోంచి సన్నగా పొగ, ముందు కొసన నిండు చూలాలు ఒకత్తి కూచునుంది. అన్నయ్యా, మా తాడు తెగిపోయింది, రేపు చేరిపోతాం, ఈ ఒక్క పూట మీ వెనక కట్టుకోనీ అంది.

మరి పడవాళ్ళకో కట్టుబాటుంది, మీకు తెలీదు. తాడడిగిన పడవని కాదనకూడదు. ఒకసారి కట్టాక, అడిగినోళ్ళే విప్పాలి గాని లాగేవాళ్ళు విప్పకూడదు, కొయ్యకూడదు. అలా నడినీళ్ళలో వదిలేసినోడి పడవ మళ్ళీ రేవు చూడదని వాళ్ళ నమ్మకం. మీరో నేనో అయితే, నీ మొగుడేడమ్మా, పొయ్యి మండుతుంటే వంట వాసన రాదేంటమ్మా అని అడుగుదుం. లోవరాజు అడుగుతాడా? తాడు విసిరేశాడు, ఆవిడ అందుకుని ముడేసుకుంది.

మర్నాడు తెరచాపకి మెత్తటి గాలి పట్టింది. పడవ చప్పుడే లేకుండా పోతోంది, రెండు గట్లూ వెనక్కి పోతూనే ఉన్నాయి, గట్టు మీద మనిషి లేడు, చెట్టు మీద పిట్ట లేదు. పగలంతా ఒక కునుకులా గడిచి, సందె పడేసరికి మళ్ళీ లాకు, మళ్ళీ చింతచెట్టు. ఇలాంటి చెట్లు కాలవ పొడుగునా ఉంటాయిలే అనుకున్నారు. రేపు పొద్దుటికి చేరిపోతాం అన్నాడు లోవరాజు. ఆ మర్నాడూ అదే చెట్టు, లోవరాజుదీ అదే మాట. వీరమ్మ అదే చేట పట్టుకుని అవే బియ్యం ఏరుతోంది. ఎన్నాళ్ళు తిరిగారంటారా? వాళ్ళకే తెలీదు, నాకేం తెలుస్తుంది! ఆకలి లేదు, దోమ లేదు, ఎండ పొడ లేదు. దెయ్యమంటే జుట్టు విరబోసుకుని మీద పడుతుందనుకుంటారు మీరు. కాదర్రా, హాయిగా ఉంటుంది. అదే దాంతో వచ్చిన చిక్కు.

నూకాలుకి మెలకువ తెచ్చింది చందమామ. పడమట గోరంత నెలవంక. నిన్నా గోరంతే, మొన్నా గోరంతే. ఇది పెరగదేంటి అనుకుంది. అనుకుని పొట్ట మీద చెయ్యేసుకుంటే, బిడ్డ కదలడం లేదు. ఎప్పట్నుంచి? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. నొక్కి చూసింది, నాయనా అని పిలిచింది, ఉలుకూ లేదు పలుకూ లేదు. ఓరి దేవుడా, ఆ తల్లి ప్రాణం ఎలా కొట్టుకుందో మీరే చెప్పండి! మొగుణ్ణి పట్టుకుని కుదిపేస్తే, రేపు పొద్దుటికి చేరిపోతాంలే అని నవ్వాడు.

ఇంక తనే పడవ వెనక్కి పోయి కూచుంది. ఆ సందె వెలుగులో వెనక పడవ దగ్గరగా, చెయ్యి చాపితే అందేలా వస్తోంది. అక్కా, నీ బిడ్డ కదులుతోందా అని అడిగింది. వీడా, వట్టి బద్ధకస్తుడు, ఇంటికెళ్ళాక లేస్తాడులే అందిట ఆవిడ. మీదే ఊరంటే ఇసకమెరకేనంది. మా అమ్మ పుల్లాయమ్మ, రేవు పక్క మొదటి ఇల్లు, రోజూ దీపం పట్టుకుని నాకోసం రేవులో నుంచుంటుంది అంది.

 ఆ ఇల్లు నూకాలుకి తెలుసు. ఇల్లెక్కడిది, మొండి గోడలు. చిన్నప్పుడు ఆ గోడల చాటునే దాగుడుమూతలాడింది. పురిటికొస్తున్న కూతురు పడవతో సహా వరదలో పోతే, ఆ ముసలమ్మ చూసి చూసి పోయిందని ఊళ్ళో చెప్పుకునేవారు. అదంతా నూకాలు పుట్టకముందు మాట.

చెప్పెయ్యాలనే అనుకుంది. నువ్వు పోయావమ్మా, మీ అమ్మా పోయింది, నీకోసం చూసేవాళ్ళు ఎవరూ లేరమ్మా అని.  ఆ పిల్ల మొహం చూసి మానుకుంది. ఇటు చూస్తే తన కడుపులో బిడ్డ. అప్పుడు అంది:

"అక్కా, మీ అమ్మ రేవులోనే ఉంది. ఇలా రెండు పడవలూ కలిసి పోతే తెమలదు. తాడు విప్పు, నేను ముందెళ్ళి చెబుతాను. అమ్మే వచ్చి నిన్ను తీసుకెళ్తుంది."

"నిజంగానా? మా అమ్మే వస్తుందా?"

"వస్తుందక్కా."

"అమ్మకి నీళ్ళంటే భయం" అని చిన్నపిల్లలా నవ్విందిట ఆవిడ. నవ్వుతూనే ముడి విప్పేసింది. "నెమ్మదిగానే రమ్మను చెల్లీ, తొందరేం లేదు. నేనిక్కడే ఉంటాను."

తాడు నీళ్ళలో పడిందో లేదో, గట్టు మీద కాకులు గోల పెట్టాయి, దోమలు ముసిరాయి, పొయ్యి మీద అన్నం మాడింది, వీరమ్మ అయ్యో నా గిన్నె అంటూ లేచింది. నూకాలు కడుపులో బిడ్డ ఫెడీమని ఒక్క తన్ను తన్నింది. ఆ తన్నుకి నూకాలు పొట్ట పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తెల్లారేసరికి ఇసకమెరక చేరారు. ఆ వారంలోనే అమ్మ చేతుల్లో ఆడపిల్లని కంది, పచ్చగా, నిక్షేపంలా ఉంది పిల్ల.

ఆ తర్వాత నూకాలు ఆ దారిన పడవ పోనివ్వలేదు. ఎంత చుట్టయినా ఇంకో దారే. దాని నోట విని మిగతా పడవాళ్ళూ ఒక్కొక్కళ్ళే మానేశారు. దెయ్యానికి జడిసిందన్నారు జనం. జడుపు కాదర్రా! మా అమ్మేదే చెల్లీ అని ఆవిడ అడిగితే ఏం చెబుతుందది?

ఆవిడ ఇంకా అక్కడే ఉంది. మనుషుల్నేం చెయ్యదు. తాడు కూడా అడగదిప్పుడు. సందెవేళ చెట్టు కిందికి ఎవరెళ్ళినా, మా అమ్మ బయల్దేరిందా అని ఒక్క మాట అడుగుతుంది. ఏరా, లేదని చెప్పగలవా నువ్వు? నువ్వే అమ్మాయ్? తలకాయలు దించుకున్నారేం? మరింకేం, నోరు మూసుకుని రోడ్డు మీంచి ఇళ్ళకి పోండి. అటు తిరిగారంటే కాళ్ళు విరగ్గొడతాను.