కోణం అడిగే ప్రశ్నను తీయించిన విషయం

నా పేరు ఇప్పిలి పోలరాజు, వయసు యాభై మూడు. గోల్‌మురిలో ఉంటాను. ఒక ప్రైవేటు కాంట్రాక్టరు షెడ్డులో బరువులు ఎత్తించే ఫోర్‌మన్‌ని. బలరామ్ నా అక్క కొడుకు, నా కింద తాళ్లు కట్టేవాడు. మొన్నటి ప్రమాదంలో అతని కాలు పోయింది. తాళ్ల లెక్కకి ఇంజనీరు దీపక్ కాలిక్యులేటర్‌లో రాసిన ప్రోగ్రాం తప్పని కాంట్రాక్టరు పోలీసులకి ఫిర్యాదు ఇచ్చాడు.

మా కాలిక్యులేటర్‌లో అంకెలు దొంతరగా నిలుస్తాయి. బరువు కొట్టి ఎంటర్ నొక్కాలి, తాడు కోణం కొట్టాలి, ఆపైన ప్రోగ్రాం మీట. దొంతరలో పై రెండు అంకెలు తీసుకుని ఒక్కో తాడు మీద ఎంత పడుతుందో చూపిస్తుంది. దీపక్ మొదట రాసినప్పుడు, కోణం ముప్పైకి తక్కువైనా తొంభైకి ఎక్కువైనా లెక్క ఆపి, కోణం ఎంత అని మళ్లీ అడిగేది. మా షెడ్డు కప్పు ఎత్తు తక్కువ. ఇరవై అయిదు కోణంలో ఎత్తడం మాకు మామూలే. ప్రతిసారీ ఆగేది. క్రేన్ నడిపే మనోజ్ పైనుంచి, "క్యా చాచా, మెషీన్ నే ఫిర్ డాంటా?" అని, మెషీన్ మళ్లీ తిట్టిందా అన్నట్టు నవ్వేవాడు.

దీపక్‌తో, "ఆ పెశ్న తీసెయ్ బాబూ" అన్నాను.

"ఉండనీండి అంకుల్. అంకె తప్పు పడితే ఆపుతాది."

"తప్పు కొట్టడానికి నానేటి కొత్తోడినా?"

తీసేశాడు. ముప్పైని ఇరవై చెయ్యమని అడిగి ఉండవచ్చు. అడగలేదు.

విశ్వకర్మ పూజకి పనిముట్లన్నిటితో పాటు కాలిక్యులేటర్‌కీ నేనే బొట్టు పెట్టాను. తడి పసుపు ఎంటర్ మీట సందులోకి దిగింది. మర్నాడు ఉదయం పది గంటలకి ఎనిమిది టన్నుల గేర్ బాక్సు ఎత్తాలి. ఎనిమిది కొట్టి ఎంటర్ నొక్కాను, పడలేదు. నలభై అయిదు కొట్టాను. రెండూ కలిసి కోణం ఎనిమిది వందల నలభై అయిదు అయింది. బరువు చోట ముందు లెక్క తాలూకు మూడు మిగిలి ఉంది. ఇవన్నీ తర్వాత దీపక్ చూపిస్తే తెలిశాయి. ఆ ప్రశ్న ఉంటే అక్కడే ఆగేది. నేను గేర్ బాక్సు వైపు చూస్తూ కొట్టాను. జవాబు రెండుకి లోపు వచ్చింది. రెండు టన్నులు మోసే తాళ్లు వెయ్యమన్నాను.

బలరామ్ తాడు చేత్తో పట్టి చూసి, "మావా, ఇది సన్నం గాదేటి?" అన్నాడు.

"మెషీన్ సెప్పింది. కట్టు."

కట్టాడు. నడుమెత్తు లేచాక తాడు తెగింది.

నిన్న ఆసుపత్రిలో తాడు సంగతి అతను ఎత్తలేదు. "అన్నం తిన్నావేటి మావా?" అన్నాడు. తిన్నానన్నాను.

దీపక్ మీద చెప్పవలసింది ఏమైనా ఉందా అని, ఈ వాంగ్మూలం తీసుకుంటున్న పోలీసు సారు అడిగారు. లేదు.

ఈ కాగితం హిందీలో రాసి నాకు చదివి వినిపించారు. 'యంత్రం లోపం వల్ల' అని ఉన్నచోట కొట్టివేయించి, 'పోలరాజు మాట వల్ల' అని రాయించాను. తక్కినది నేను చెప్పినట్టే ఉంది, నిజం. కొట్టివేత పక్కన ఒకటి, అడుగున ఒకటి సంతకం పెట్టాను.

ఇ. పోలరాజు