నాగమణి ముక్కు

నాను ఎప్పుడూ ఏదీ రాసిన మనిషిని కాదు, మీకు తెలుసు. కానీ ఆ ఎదురింటి నాగమణి ఒక్క మాటైనా చెప్పకుండా ఊరెళ్ళిపోతే నానేటి చెయ్యాలి చెప్పండి?

పొద్దున్న వాళ్ళ తలుపు తట్టబోతే తాళం. కింద ఇంటావిడ చెప్పింది, టెక్కలిలో తోటికోడలి కూతురు పెద్దమనిషయిందట, తెల్లారకుండానే రైలెక్కేశారట, ఆదివారం దాకా రారట. రేపే కొవ్వొత్తుల కోసం ఆ త్రినాథరావు గారు వస్తారు. ఆదివారం వచ్చి నాగమణి నాకేటి చేస్తాది?

నోటితోనే చెప్పుకుందును మీతో. కానీ ఈ క్వార్టర్లో గోడలు పలచన. నైటు డ్యూటీ చేసొచ్చి అన్నయ్య, అదే మీ బావగారు, పక్కగదిలో పడుకున్నారు. ఆ మధ్య ఒకసారి మీతో ఏదో అంటూంటే, "ఎవరమ్మా వచ్చారు?" అని లేచి వచ్చేశారు. అందుకే పాత చర్చి క్యాలెండర్ కాగితాలు వెనక్కి తిప్పి రాస్తన్నాను. తప్పులుంటే సర్దుకోండి. అయిదో తరగతి చెయ్యి ఇది. మీరూ పెద్ద మాస్టారేం కాదు కదా, పోర్టు కళాసీ.

మీరు పోయాక జరిగినవి మీకెలగ తెలుస్తాయి. అవి ముందు చెప్పాలి.

సమాధి కట్టించిన కొన్నాళ్ళకి మీ అక్క, రోజలిన్ వదిన, మల్కాపురం వచ్చింది. వచ్చి నా పెట్టె తనే సర్దేసింది. "ఇక్కడ ఒక్కదానివీ గోడలు చూస్తూ కూర్చుంటావేటి కృపా, ఉక్కునగరం వచ్చెయ్" అంది. వచ్చేశాను. ఉండిపో అన్నా ఉండిపోయేదాన్నే. అప్పట్నించీ నాకు రెండూ ఒకలాగే ఉంటన్నాయి.

ఏడవలేదని అన్నారు కదా నన్ను అందరూ. మీ పెట్టె మూసేటప్పుడు కూడా ఏడవలేదట. ఏడుపు రాలేదండీ. రాకపోతే ఎక్కడినించి తేను?

అప్పుడే రోజలిన్ వదిన ఫోన్లో చూసి కొవ్వొత్తులు నేర్చుకుంటంది. మన చర్చిలో వెలిగించే తెల్ల కొవ్వొత్తులు కాదు. ఈ మైనం సోయా గింజల్లోంచి తీస్తారట, తురిమిన సబ్బులాగ ఉంటాది. నీళ్ళగిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించి, వేడి చూసుకుని, అత్తరు నూనె పోసి, నురగ రాకుండా నెమ్మదిగా కలిపి, ఒత్తి నిలబెట్టిన గాజుగ్లాసుల్లో పొయ్యాలి. ఆ తర్వాత మూతలు పెట్టి రెండు వారాలు ముట్టుకోకూడదు. ఆవకాయలాగ అదీ మాగాలి. మాగాక మూత తీసి ఒకసారి వాసన చూడాలి. వెలిగించి, గది తలుపులేసి, కాసేపాగి లోపలికెళ్ళి ఇంకోసారి చూడాలి. మూత తీస్తే ఘుమ్మని, వెలిగిస్తే చప్పబడిపోయేవి ఉంటాయి. ఆ చూడ్డమే అసలు పని. ఆ పని నాదయింది.

నా ముక్కు సంగతి వదినకి మీరే కదా చెప్పారు. మీరు గుమ్మంలో చెప్పులు విప్పకముందే, "ఈయేళ గంధకం దించారా" అనేదాన్ని. ఎరువైతే ఎరువు, బొగ్గయితే బొగ్గు. పందెం కాసి ఒకసారి కన్నబాబు చొక్కా తొడుక్కుని వచ్చారు. "కన్నబాబుకి జలుబేటి, అమృతాంజనం రాసుకున్నాడు?" అన్నాను. ఆ వారమంతా జెట్టీ మీద అదే మాటట.

ఆ ముక్కుతోనే ఇక్కడా పని చేశాను. చెవిలో పెట్టుకునే దూదిపుల్లలు ఉంటాయి కదా, ఒక్కొక్కటి ఒక్కో నూనెలో ముంచి, మల్లెవి మూడు, వట్టివేరుది ఒకటి, సీసాలో వేసి మూత పెట్టేదాన్ని. తెల్లారి మూత తీస్తే ఆ రెండూ కలిసి కాపరం చేస్తాయో లేదో తెలిసిపోయేది. చర్చి అమ్మకాల్లో వదిన అందరికీ చెప్పేది, "మా మరదలి ముక్కే మా మిషను" అని. నాకు సిగ్గేసి గ్లాసులు తుడుస్తూ కూర్చునేదాన్ని.

పోయినేడు వానల్లో జ్వరం వచ్చింది. తగ్గింది. తగ్గాక గాజువాక వెళ్తూంటే బస్సు మురుగు గెడ్డ పక్కన ఆగిపోయింది. అందరూ కొంగులూ రుమాళ్ళూ ముక్కుకి అడ్డం పెట్టేసుకున్నారు. పక్కసీటావిడ నన్ను చూసి, "నీకు కొట్టట్లేదేటమ్మా?" అంది.

నాకేటీ కొట్టలేదు.

ఇంటికొచ్చి కాఫీపొడి డబ్బా తీశాను. ఎండుచేపల సంచి తీశాను. డెట్టాలు మూత తీశాను. అన్నీ మంచినీళ్ళే. భయం వెయ్యాలి కదా మనిషికి? వెయ్యలేదు. ఓహో, ఇదీ పోయిందా అనుకుని వంకాయలు తరుక్కున్నాను.

చెవిపోటని వదినతో చెప్పి డాక్టరు దగ్గరికెళ్ళాను. ముక్కులో లైటేసి చూశాడు. జ్వరానికి కొందరికి ఇలగ అవుతాదట, రావచ్చట, రాకపోవచ్చట. "బాధ పడకండమ్మా" అన్నాడు. పడట్లేదు బాబూ అన్నాను.

మరి వదినకి ఎందుకు చెప్పలేదు అంటారు. చెప్దామనే అనుకున్నాను. ఆ రోజే గది మాట విన్నాను.

అన్నయ్యకి మార్చిలో రిటైర్మెంటు. ఈ క్వార్టరు కంపెనీకి అప్పజెప్పెయ్యాలి. దువ్వాడలో ఫ్లాటు తీసుకున్నారు, రెండే గదులు. నాను వంటింట్లో ఉన్నాను, వాళ్ళు హాల్లో. అన్నయ్య అన్నారు, "రెండో గది కాలేజీ పిల్లలకి అద్దెకిచ్చేద్దాం రోజీ, పెన్షన్ అంటే ఏటనుకున్నావ్" అని. వదిన అంది, "ఆ గది కొవ్వొత్తులకి. కృప అందులోనే పడుకుంటాది. ఒక్క పెద్ద ఆర్డరు కుదిరిందంటే నీ అద్దె ఏ మూలకి?" అన్నయ్య, "కుదిరితే సరే" అన్నారు.

మంచివారండీ అన్నయ్య. ఇన్నాళ్ళలో ఒక్కరోజు నన్నొక మాట అనలేదు. కుదిరితే సరే అన్నారు, అంతే. అందులో తప్పేటుంది?

ఇంక చెప్పలేదు. కొవ్వొత్తులుంటే గది, గది ఉంటే నాను. ముక్కు లేదంటే నాను అక్కడెందుకు?

అప్పుడు నాగమణి దొరికింది. ఎదురింట్లో ఉంటాది, వాళ్ళాయన రోలింగు మిల్లులో. టీకి పిలిచేదాన్ని. కొత్త కొవ్వొత్తి వెలిగించి పక్కగదిలో పెట్టి తలుపు ఓరగా తీసేదాన్ని. నాగమణి కుర్చీలో కూర్చునేలోపే చెప్పేసేది. అడగక్కర్లేదు.

"ఏటొదినా, శవం కాడ అగరొత్తులెట్టినట్టుంది మీ ఇల్లు" అనేది. సాయంత్రం నాను వదినతో, "సాంబ్రాణి తగ్గించాలి" అనేదాన్ని.

"ఇదేటి, బాత్రూములు కడిగేరా?" అనేది. నిమ్మగడ్డి సగం చేసేదాన్ని.

ఒకసారి ఏమీ అనలేదు. టీ అయిపోయినా లేవలేదు. "కాసేపు కూకుంటానొదినా, ఇంటికి పోవాలనిపించట్లేదు" అంది. మల్లె, వట్టివేరు కలిపింది అది. బాగా అమ్ముడుపోయింది.

అలగ ఏడాదిపైన నడిచింది. వదినకి తెలీలేదు. మీ అక్క సంగతి మీకు తెలుసు కదా, ముందు నన్ను అడుగుతాది. "ఎలగుంది కృపా?" బాగుంది వదినా అంటాను. అప్పుడు తను ముక్కు పెట్టి, "చాలా బాగుంది" అంటాది. నాను బాగోలేదంటే తనకీ బాగోదు. నాగమణికి నా మీద అంత గౌరవం లేదు. అందుకే దాని ముక్కు నిజం చెప్తాది.

ఈ త్రినాథరావు గారు భీమిలి రోడ్డులో గెస్ట్‌హౌసు కట్టారు. వదిన అన్న ఆ పెద్ద ఆర్డరు ఈయనదే. మంచి మనిషే. వదిన చూపించినవన్నీ చూసి, ఇవేవీ వద్దన్నారు. "మా అమ్మ సింహాచలం సంపెంగలు తల్లో పెట్టుకునేదండీ. గదిలోకి అడుగు పెట్టగానే అది రావాలి. సెంటు కాదు. పువ్వు" అన్నారు. అని నావైపు తిరిగి, "మీ ముక్కు గురించి విన్నానమ్మా" అన్నారు. నాను కిందకి చూశాను. సిగ్గనుకున్నారు.

డజను పోశాను. రెండు వారాలూ నిన్నటితో అయిపోయాయి. నిన్న వదిన మూత తీసి, "చూశావా?" అంది. చూశానన్నాను. "ఎలగుంది?" అంది. పువ్వులాగే ఉంది అనేశాను, తెల్లారితే నాగమణికి చూపించి మాట సరిచేసుకోవచ్చు కదా అని. వదిన ముక్కు పెట్టింది. కళ్ళు మూసుకుంది. "అబ్బ, పువ్వే కృపా" అంది.

నాగమణేమో ఊళ్ళో లేదు. అన్నయ్యకి రెండ్రోజులుగా పడిశం.

మీరుంటే మీ ముక్కయినా వాడుకుందును. అది ఎందుకూ పనికొచ్చేది కాదనుకోండి, చారు మాడినా తెలిసేది కాదు మీకు.

ఇంక రాయడానికేటీ లేదు. అన్నయ్య లేచినట్టున్నారు, టీ పెట్టాలి.

*

మర్నాడు పొద్దున్న ఏటి చేశానో అదీ రాసేస్తాను, మొదలెట్టాను కాబట్టి.

పాలకని బయల్దేరుతూ సంచిలో ఒక గ్లాసు, అగ్గిపెట్టె వేసుకున్నాను. అన్నయ్య డ్యూటీనించి ఇంకా రాలేదు. వదిన లేవలేదు.

పాలబూత్ చలమయ్యతో ఇన్నాళ్ళలో "రెండు" అన్న మాట తప్ప ఇంకో మాట ఆడి ఎరగను. బల్ల మీద గ్లాసు పెట్టి వెలిగించాను.

"ఏటమ్మా, కరెంటుంది కదా" అన్నాడు.

"కొంచెం వాసన చూసి చెప్పండి. నాకు వాసన రాదు" అన్నాను.

అంతే. నోట్లోంచి వచ్చేసింది. ఏడాది దాచిన మాట, పాలపాకెట్లు అడిగినట్టు వచ్చేసింది.

మైనం కరిగేదాకా ఆగాడు. వంగాడు. వెనక డ్యూటీకి పోయే మనిషొకాయన నిలబడి ఉంటే, "బావా, ఇదేటో సూడు" అన్నాడు. ఆయన కూడా వంగాడు.

"శనివారం శనేస్పరుడి కాడ దీపాలెడతారు సూడు. అలగుంది" అన్నాడు ఆయన.

"అదే, అదే. నువ్వులనూనిది" అన్నాడు చలమయ్య.

"సంపెంగ లేదా?" అన్నాను.

"సంపెంగా? మా ఆడది తల్లో ఎట్టుకుంటాదమ్మా, నాకు తెల్దేటి. ఇందులో సంపెంగ నేదు."

ఆర్పేశాను. రెండు పాకెట్లు తీసుకుని వచ్చేశాను. దారిలోనే అర్థమయింది. నా సీసాలన్నీ ఒక్కలాగే ఉంటాయి, గోధుమరంగువి. ఒక్కదానికీ చీటీ లేదు. వచ్చిన కొత్తలో నానే నీళ్ళల్లో నానబెట్టి పీకేశాను. ఆ ఇంగ్లీషు అక్షరాలు నాకెలాగూ కుదరవు, ముక్కుండగా చీటీ ఎందుకు అని. ముక్కు పోయాక గూట్లో వరసని బట్టి తీస్తన్నాను. ఖాళీ అయిన సీసాలో వదిన, అన్నయ్య మోకాళ్ళకి రాసే నువ్వులనూనె పోసుకుంది. కొవ్వొత్తులు పోసే ముందురోజు గూడు సర్దింది. సర్ది దాన్ని నా వరసలో పెట్టేసింది. రంగు కూడా ఒకటే. అత్తరుకి కొలిచినట్టే కొలిచి, నెమ్మదిగా కలిపి, పోసి, మోకాళ్ళ నూనెని రెండు వారాలు మాగబెట్టాను.

ఇంటికొచ్చి నీళ్ళు పొయ్యి మీద పెట్టాను. ఒక గ్లాసు అందులో దించి, చెంచాతో మైనం గోకుతూంటే వదిన లేచి వచ్చింది.

"ఏటి చేస్తన్నావే? ఆయన వచ్చే వేళకి?"

"ఇది అన్నయ్య మోకాళ్ళ నూనె వదినా. సంపెంగ కాదు. నాకు వాసన రాదు. పోయినేడు జ్వరం నించీ రాదు."

వదిన ఇంకో గ్లాసు తీసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. తిడతాదేమోనని చూశాను. తిట్టలేదు.

"మొన్న నేను పువ్వే అన్నాను కదే" అంది.

"అన్నావు."

"నాకు వచ్చింది కృపా. నిజంగా సంపెంగే వచ్చింది."

"వచ్చే ఉంటాది" అన్నాను.

గ్లాసు బల్ల మీద పెట్టింది. మళ్ళీ తీసి వాసన చూసింది. మళ్ళీ పెట్టింది. నా ముఖంలోకి చూడకుండా అడిగింది, "ఆయనకి ఫోన్ చేసి ఏటి చెప్పను? నీకు జ్వరం అని చెప్పనా?"

"చెప్పు."

ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళింది. దువ్వాడ గది సంగతి తను ఎత్తలేదు. నానూ ఎత్తలేదు. ఉంటే ఉంటాది, లేకపోతే మల్కాపురంలో అద్దెలు ఎలగున్నాయో కనుక్కోవాలి.

నాను మిగతా గ్లాసులు కూడా వేడినీళ్ళల్లో దించాను. గోకాల్సిన పని లేదు. కాసేపు ఉంచితే మైనం దానంతటదే గాజుని వదిలేస్తాది.