నడుంకట్టు

మలయాళీల కొత్త సంవత్సరం మొదలయ్యే చింగం నెల పుట్టడానికి ముందురోజు మధ్యాహ్నం. బయట వాన. పక్షవాతం వచ్చి అయిదు నెలలైన కార్త్యాయని మంచం మీద వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి ఉంది. ముప్పై రెండేళ్లు ఆమె పక్కనే, అదే రాట్నం మీద కొబ్బరిపీచు తాడు వడికిన భార్గవి మంచం పక్కన నిలబడి ఉంది. ఇంట్లో ఇంకెవరూ లేరు.

“ఎత్తక్కా, ఎత్తు. తల కాదు, నడుం ఎత్తు!”

“ఎత్తాను కదే.”

“ఎక్కడ ఎత్తావు? కింద చీమ కూడా దూరదు.”

“నీకు కళ్లు కనపడవు భార్గవీ. ఇదిగో, చూడు, చాలా?”

“అలాగే ఉంచు. ఒకటి… రెండు… మూడు…”

“అంత సాగదీస్తావేంటే? పిల్లని జోకొడుతున్నావా?”

“నాలుగు… ఎడమ పక్క జారిపోతోంది, దాన్ని కూడా లేపు. దాన్ని వదిలేసి కుడిదానితోనే పని కానిచ్చేస్తున్నావు.”

“అది నా మాట వినదు. మా ఆయన బతికున్నన్నాళ్లూ విన్నాడా? ఇదీ అంతే.”

“అయిదు. దించు. మెల్లగా! దబ్బున పడెయ్యకు.”

“అమ్మయ్యా! చెడిందేమో కాలు, కసరత్తులు నేర్పే ఆ జిన్సీ పిల్ల పడిందేమో నా నడుం వెంట. పడుకుని లేపు, కూర్చుని తిప్పు, పక్కకి ఒరుగు. పంచాయతీ బండిలో వారం వారం వస్తుంది కదా, ఒక్కసారైనా ఆ కాలు పట్టుకుని చూసిందా?”

“చెప్పింది కదక్కా. రాట్నం ఇరుసు వదులైతే పురి పడుతుందా అని. నడుం నిలబడితే కాలు దానంతటదే అడుగేస్తుందట.”

“ఇరుసు మాట నాది. ఆ పిల్ల రాట్నం మొహం ఎప్పుడు చూసింది? చెట్టు, కొమ్మ అని ఏదో చెబుతుంటే, ఇరుసు అను తల్లీ, నాకు అర్థమవుతుంది అన్నాను.”

“సరే, నీదే. పక్కకి దొర్లి, మోచెయ్యి ఆనించుకుని లే. నేను లాగను, లాగితే ఆ పిల్ల తిడుతుంది.”

“మావాడు వైద్యుడిని పిలిపించి నూనె పట్టిస్తానంటున్నాడు కాలికి.”

“పట్టించుకో, అందరూ నూనె వైద్యాలు చేయించుకునే కర్కాటకం నెల ఇవాళ్టితో అయిపోతుంది కాబట్టి తీరిగ్గా వస్తాడు. కూర్చున్నావా? పాదాలు నేలకి ఆనాయా? ఉండు, తువ్వాలు ఏదీ?”

“దిండు కింద.”

“గాలి పీల్చు. కడుతున్నా.”

“కొంచెం వదులుగా కట్టవే. తాగిన గంజి పైకొస్తుంది.”

“గట్టిగా ఉంటేనే నిలబడతావు. వడకడానికి నడుముకి పీచు ఒడి కట్టుకున్నప్పుడు ఇంతకంటే బిగించేదానివి.”

“అప్పుడు ఒళ్లో పీచు ఉండేది.”

“పీచు ఉన్నా లేకున్నా, పొద్దున లేస్తూనే ముడేసుకున్న నడుం అది. కట్టు లేకపోతే దానికి దిక్కు తోచదు. నువ్వే అన్నావు మొదటిరోజు, కట్టు లేకుండా నన్ను లేపకే, ఒంటిమీద బట్ట లేనట్టుంది అని.”

“అన్నాను. మొదటిరోజు.”

“మరి! చేతులు గుండెల మీద కట్టుకో. ఎడమ పక్కకి ఒరిగి ఈ గ్లాసు అందుకో.”

“చేతులు కట్టుకోమంటావు, గ్లాసు అందుకోమంటావు. ఏదో ఒకటి చెప్పు.”

“ముందు ఒరుగు, తర్వాత చెయ్యి చాపు. ఒరుగు… ఒరుగు… ఆ పిర్ర మీద బరువు వెయ్యి. నేనున్నాను కదా.”

“రేపు మన తాళ్ల సొసైటీ సెక్రటరీ ఎన్నింటికి వస్తాడే?”

“గ్లాసు అందుకో ముందు.”

“ఎన్నింటికి?”

“ఏమో. తొమ్మిదికి అంటున్నారు. ఈ వానలో వస్తాడో రాడో.”

“చింగం ఒకటిన రాకుండా ఉంటాడా? ఏటా ఆ రోజే కదా సొసైటీ చోట్లు రాసేది. రాట్నం దగ్గర ఎవరు నిలబడి ఉంటే వాళ్ల పేరే రాసుకుంటాడు. మళ్లీ ఏడాది దాకా దానికి తిరుగులేదు.”

“రాస్తాడు. భుజాలు తిప్పు. అటు కిటికీ చూడు. ఇటు తలుపు చూడు.”

“నా చోట్లో ఎవరు నిలబడుతున్నారు?”

“ఎవరో ఒకరు. ఖాళీగా ఉంచుతారా?”

“ఎవరో ఒకరంటే?”

“తల తిప్పుతున్నావు, నడుం తిప్పట్లేదు.”

“తిప్పుతూనే ఉన్నాను. ఎవరే?”

“షీజ.”

“నీ కోడలా!”

“నువ్వు వచ్చేదాకానే అక్కా. నేనే చెప్పాను సెక్రటరీకి, అక్క వచ్చేదాకానే అని. పీచు వచ్చి పడి ఉంటే పని ఆపుకుని కూర్చోలేం కదా.”

“అయిదు నెలల్లో ఒక్క మాట చెప్పలేదు నాకు.”

“నువ్వు అడగలేదు.”

“రెండుసార్లు అడిగాను. ఒకసారి పొయ్యి మీద చేప మాడుతోందని పరిగెత్తావు. ఇంకోసారి దగ్గావు.”

“దగ్గొచ్చింది, దగ్గాను!”

“బాగా వడుకుతుందా?”

“వడుకుతుంది. నీలా కాదులే. తాడు సాగేకొద్దీ వెనక్కి అడుగేసినప్పుడల్లా మెడ తిప్పి చూసుకుంటుంది, ఎక్కడ పడతానో అని. తాడు అక్కడక్కడ లావెక్కుతోంది.”

“కొత్తలో నువ్వూ చూసుకునేదానివి. నీ జడ పట్టుకుని మొహం ముందుకి తిప్పేదాన్ని.”

“ఆ జడ ఇప్పుడెక్కడుంది, ఎలకతోకయింది.”

“మీ అబ్బాయి సనల్ చెయ్యి ఎలా ఉంది?”

“కట్టు విప్పారు. మణికట్టు తిరగట్లేదు. పడవ మీదికి ఎవరూ పిలవట్లేదు వాణ్ని. ఇప్పుడు షీజ తెచ్చేదే ఆ ఇంటికి… ఆ మాటలెందుకులే. లే, నిలబడదాం. నా భుజం పట్టుకో.”

“రేపు నేను పది అడుగులెయ్యాలి. ఆయన చూస్తుండగా, రాట్నం దగ్గర. ముందుకి కూడా కాదు, వెనక్కి. మన పని వెనక్కే కదా. పది అడుగులేస్తే నా చోటు నాది.”

“గట్టంతా జారుడు బురదక్కా. ఇంకో ఏడాది ఆగితే…”

“ఏడాది ఆగితే ఇంకెవరిస్తారు? పొద్దున్నే కొడుకు కొట్టుకి పోతాడు, కోడలు జీడిపప్పు ఫ్యాక్టరీకి పోతుంది. చీకటి పడేదాకా నేనూ ఈ గోడలూ. ఉందా పోయిందా అని అడిగేవాళ్లుండరు.”

“నేను రావట్లేదా రోజూ?”

“వస్తున్నావు. ఈ తువ్వాలు విప్పు.”

“ఇప్పుడే కట్టాను కదా.”

“విప్పు. విప్పాక నిలబడతాను.”

“పడతావు.”

“పడనీ.”

“మొండికెయ్యకక్కా. ఆ రోజు రాట్నం దగ్గర కూలబడ్డప్పుడు నా చేతుల్లోనే పడ్డావు. ఆ బరువు ఇంకా నా మోచేతుల్లో ఉంది. మళ్లీ చూడలేను.”

“మూడు వారాల కిందట, గురువారం, జిన్సీకి గొడుగు పట్టి రోడ్డు దాకా దిగబెట్టావు. ఏమంది నీతో?”

“ఏమంటుంది? బాగా చేయిస్తున్నావు పిన్నీ అంది.”

“ఇంకా?”

“ఉప్పు తగ్గించమంది.”

“ఇంకా?”

“ఇంకేముంటుంది! పోలీసులా పట్టుకున్నావేంటి?”

“భార్గవీ.”

“ఊఁ.”

“నా మొహం చూసి చెప్పు.”

“…తువ్వాలు కట్టొద్దంది.”

“ఎందుకట?”

“బిగిస్తే ఆ గుడ్డే ఒళ్లంతా మోస్తుందట. నడుం నిద్రపోతుందట. ఇక ఎన్ని చేయించినా దండగే అంది.”

“మరి విప్పలేదే?”

“విప్పాను! ఆ మర్నాడే విప్పాను. తువ్వాలు ఉతికి ఆరేశానన్నాను, గుర్తు లేదూ? మూడు రోజులు కట్టు లేకుండానే చేయించాను. మూడోరోజు నువ్వు… నా చెయ్యి వదిలేసి, ఆ కిటికీ వైపు… రెండు అడుగులేశావు.”

“వేశాను.”

“చప్పట్లు కూడా కొట్టాను. ఇంటికెళ్లేసరికి షీజ పిల్లని ఒళ్లో వేసుకుని గుమ్మంలో కూర్చుంది. అరికాళ్లు పగిలి రక్తం, వాటికి నూనె రాసుకుంటోంది. అత్తా, పెద్దమ్మకి ఎలా ఉంది అంది. నడుస్తోందే అనబోయాను. అనకుండా పిల్లని ఎత్తుకుని లోపలికి పోయాను. పాపం, దానికి నీ మీద పగేం లేదక్కా. భయం. అడిగిన గొంతులో అదే వినపడింది.”

“నాలుగోరోజు తువ్వాలు ఆరిందన్నావు.”

“అన్నాను.”

“చాలా గట్టిగా కట్టావు ఆ రోజు.”

“కొట్టక్కా నన్ను. కుడిచెయ్యి బాగానే ఉంది కదా, కొట్టు.”

“కొడితే ఏమొస్తుంది?”

“నువ్వు లేవాలనే చేయించాను. భగవతి తోడు. లేవాలని ఉండేది, ఇప్పుడే లేవకూడదనీ ఉండేది. రెండూ నిజమే. ఇంటికి పోతూ దారంతా, రేపు కట్టకూడదు అనుకునేదాన్ని. మళ్లీ మధ్యాహ్నం అయ్యేసరికి ఈ చేతులే కట్టేవి.”

“ముక్కు తుడుచుకో. తువ్వాలుతో కాదే, అది నేను కట్టుకునేది!”

“నవ్వించకు. మూడు వారాలు నేలపాలు చేశాను. రేపటికి ఎలా నిలబడతావు నువ్వు? ఏ మొహంతో…”

“నేలపాలు కాలేదు.”

“అంటే?”

“జిన్సీ ముందు నాకే చెప్పింది. ఈ మంచం మీదే కూర్చుని చెప్పింది. రోజూ నువ్వు గుమ్మం దాటగానే నేను విప్పేస్తున్నాను. ఒంటిచేత్తో నీ ముడి విప్పడానికి మొదట్లో ప్రాణం పోయేది, ఇప్పుడు ఎడమచేతి వేళ్లూ సాయానికొస్తున్నాయి. పాడు ముడి! విప్పేసి, నువ్వు చేయించినవన్నీ మళ్లీ మొదట్నుంచి చేసేదాన్ని.”

“ఒక్కదానివేనా? పడితే?”

“రెండుసార్లు పడ్డాను. మోకాలు చూపించనా? మొన్న వంటింటి దాకా వెళ్లాను. నిన్న బావి దాకా వెళ్లి, అక్కణ్నుంచి వెనక్కి అడుగులేసుకుంటూ గుమ్మం దాకా వచ్చాను. ఒక్కసారి కూడా మెడ తిప్పి చూసుకోలేదు.”

“అమ్మో. అక్కా…”

“రేపు తొమ్మిదికి నా చోట్లో నేనుంటాను. వదులుకోను భార్గవీ, నీ కోడలి కాళ్ల గురించి ఇంత చెప్పినా వదులుకోను. ఆ మాట షీజకి ఇవాళే, నీ నోటితోనే చెప్పు.”

“చెబుతాను. ఎలా చెప్పాలో తెలియదు, చెబుతాను. కానీ అక్కా, అంతా తెలిసి, మూడు వారాలు నా ముందు గాలి బిగబట్టి ఎందుకు కట్టించుకున్నావు? మొదటిరోజే నా మొహాన కొట్టినట్టు అడగలేకపోయావా?”

“నేను నడుస్తున్నానని తెలిస్తే నువ్వు రావడం మానేస్తావని.”