తాతయ్య కారు ఏ కంపెనీది?

ఇండియానాలో ఒక వంటింటి బల్ల. దాని నిండా నూట పదేళ్లనాటి పత్రికల్లోంచి కత్తిరించిన కారు ప్రకటనలు. తమ్ముడు కారులో కూర్చున్న తాతయ్య ఫొటో మీద పెట్టిన భూతద్దంలోంచి తల ఎత్తడు. పళ్లెం పెట్టే చోటు లేక, వేడి వేడి యాపిల్ పైతో అక్క నిలబడే ఉంది.

“ఇంకా తేలలేదట్రా, తాతయ్య కారు ఏ కంపెనీదో?”

“దగ్గరికొచ్చేశానక్కా. దీపాలు ఈ ప్రకటనలో కారువి, ముక్కేమో ఆ ప్రకటనలో కారుది. రెండూ ఉన్న కారు దొరికితే చాలు.”

“పదకొండేళ్లుగా దగ్గరికే వస్తున్నావు. గుర్రానికి నాడాలు కొట్టించడానికే ఏడ్చే మనిషి కారెలా కొన్నాడ్రా?”

“ఫొటోలో స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడుగా! ఊళ్లో మొదటి కారు మనదే. శనివారం పాత కార్ల క్లబ్బులో అదే చెప్పబోతున్నా.”

“అయితే ఇదీ చూపించు. పక్కింటి హిల్డా వాళ్ల నాయనమ్మ ఫొటో.”

“అదే కారు! చూశావా, తాతయ్య ఆవిణ్ణి షికారు తిప్పాడన్నమాట!”

“మరి ఈ ఫొటోలో పాస్టరుగారినీ, ఆయన ఐదుగురు పిల్లల్నీ కూడా తిప్పాడా? అన్నిట్లోనూ వెనకాల అదే చెట్టు. చక్రాలు చూడు, నేలకి ఆనలేదు.”

భూతద్దం మూడు ఫొటోల్లోనూ చక్రాల మీదికి జరిగింది.

“అట్ట కారా?”

“ఎగ్జిబిషన్లో ఫొటోలవాడిదిరా. ఊరంతా అందులోనే ఎక్కి ఫొటో దిగింది.”

అతని మొహం చూసి, చెప్పకపోయినా బాగుండేదనుకుంది అక్క. ఇంతలో ఆ మొహం వెలిగిపోయింది.

“అంటే ఆ ఫొటోలవాడు దీపాలు ఒక ప్రకటన చూసి, ముక్కు ఇంకోటి చూసి గీశాడన్నమాట! అక్కా, నేను చెప్పిన రెండు కంపెనీలూ సరైనవే, నాకెప్పుడో తేలిపోయింది!”

“తేలిందిగా! ఇక ఆ కాగితాలు తియ్యి, చల్లారిపోతోంది.”

“ఉండక్కా. చక్రాలు ఎక్కణ్ణించి కొట్టేశాడో చూడాలి.”