లోకసంఘం కుర్చీలో ఎనిమిది నెలలు

కంబదూరు దోవలో దాసప్ప టీ అంగడి ముందర ఒక బండ ఉండాది. పొద్దున్నే ఆ బండమీద కూచుంటే మధ్యాన్నం దాకా నోరు మూయనోడు ఎవుడని అడిగితే మా ఊళ్లో గొర్రెపిల్ల గూడా నన్నే చూపిస్తాది. గోవిందప్ప అంటే కోతలు, కోతలంటే గోవిందప్ప. ఇప్పుడు మానేసినానులే. ఎందుకు మానేస్తినో చెప్తా ఇనండి. చెప్పాలంటే సిగ్గుతో తల ఎత్తలేను గానీ, ఇది ఒక్కటి చెప్పకుండా పోతే నాకు నిమ్మళం లేదు.

అది అరవై ఆరో సంవత్సరం. రెండేండ్లు వరసగా వాన మొగం చాటేసింది. చెనిక్కాయ చెట్టు పీకితే ఏర్లకు కాయ కాదు కదా, తడిమట్టి గూడా అంటలేదు. ఎద్దుల్ని సంతకు తోలేసినోళ్లు తోలేసినారు, బళ్లారి దిక్కు కూలికి పోయినోళ్లు పోయినారు, మిగిలినోళ్లం ఒకరి మొగాలు ఒకరం చూసుకుంటా ఉంటిమి. ఆ పొద్దు తాలూకా జవాను సైకిలు మీద వచ్చి చెప్పిపోయె. "రేపు జీపు వస్తాది. దూరదేశాలోళ్ల సంఘం నుంచి ఒక దొర వస్తాండాడు. ఊరి తరపున ఒక్కరే మాట్లాడల్ల. ఆ మాటను బట్టే మీ ఊళ్లో గంజి కేంద్రం పెట్టేదీ లేనిదీ."

ఆ ఒక్కరు ఎవరని తేల్చేదానికి ఊళ్లో ఉన్నోళ్లంతా దాసప్ప అంగడి కాడ చేరిరి. నేను ఇస్త్రీ చొక్కా ఏసుకుని అందరికంటే ముందే బండెక్కి కూచుంటి. నాకు ఒక భయం ఉండె. యాభై రెండు కరువులో జీపు వచ్చినప్పుడు గూడా దొరతో మాట్లాడింది నేనే. అప్పుడు గంజి కేంద్రం మాకు రాలేదు. "కాళ్లు పట్టుకుంటినప్పా, దొర ఇనలేదు" అని ఊరికి చెప్పింటి, నమ్మిరి. రేపు ఇంగొకరు మాట్లాడితే పాత సంగతి యాడ బయట పడుతుందో అని. అందుకని ఈ తూరి గూడా నేనే మాట్లాడల్ల. అదీ నా పట్టు.

యేసన్న పేపరు చదువుతాండాడు. మా ఊళ్లో గట్టిగా చదివి ఇనిపించేది వాడొక్కడే. "లోకంలో దేశాలన్నీ కలిసి సంఘాలు పెట్టుకుంటాయంట. ఓట్లేసి ఒకణ్ణి పెద్దను చేస్తారంట. గడువు తీరితే కుర్చీ దిగల్లంట. కుర్చీలో ఉన్నన్నాళ్లూ సొంత దేశమోళ్లు చెప్పినా ఇనకూడదంట" అన్నాడు.

"దీన్ని పేపరు చదివి తెలుసుకోవల్లనా యేసన్నా?" అంటి. "అట్లాంటి సంఘమోని పెట్టె మోసినోణ్ణి ఈడ కూచోనుంటే?"

"పెట్టె మోసినావా? యాడ?" అన్నాడు దాసప్ప.

"గుంతకల్లు స్టేషన్లో. యాభై రెండులో నేను ఎనిమిది నెలలు ఊళ్లో లేను, గుర్తుండాదా? మూటలు మోస్తాంటి. ఒక దినం మెయిలు దిగినాడు ఒక తెల్లదొర, ఇనప పెట్టెతో. నలుగురు కూలోళ్లు పట్టినా పెట్టె జానెడు కదల్లేదు. నేను పోయి ఒంటిచేత్తో ఎత్తి భుజాన ఏసుకుంటి. 'ఏముండాది సామీ దీంట్లో?' అంటే, 'లోకంలో దేశాల తగాదాలన్నీ కాగితాల మీద రాసి పెట్టినామప్పా, అందుకే ఇంత బరువు' అన్నాడు."

"దొరకు తెలుగొచ్చునా?"

"అప్పటిదాకా రాదు. నా భుజం చూసినంక వచ్చేసింది."

నవ్వినారు. ఆకలి కడుపులతో నవ్వితే ఆ నవ్వు ఎట్లుంటాదో నాకు తెలుసు, అయినా నా నోరు ఆగలేదు. "ఆమీట ఏమైందో తెలుసునా? ఈ పెట్టె మోసేదానికి నువ్వు తప్ప ఇంగొకడు లేడని నన్ను ఇమానం కాడికి పిల్చుకుని పోయె. లోపల సీటు ఒకటే మిగిలిండె, దాంట్లో పెట్టెను కూచోబెట్టిరి. నేను రెక్కమీద కూచుంటి. కింద సముద్రం, మీద మబ్బులు, చలికి టవలు తలకు చుట్టుకుంటి."

"టవలు గాలికి ఎగిరిపోలేదా మామా?"

"కంబదూరు సంతలో కొన్న టవలు దాసప్పా. యాడికి పోతాది?"

అప్పుడే మారెక్క నీళ్లకు పోతా పోతా ఖాళీ బిందె కింద పెట్టి నిలబడె. మారెక్క అంటే మా ఇంటి ఎనక ఇంటామె. ఆ పొద్దు నేను ఆమె దిక్కు చూడకుండా మాట్లాడితిని.

"దిగేసరికి ఏముండాది? ఎదురు గోడ కనపడనంత పెద్ద సభ. డెబ్బై దేశాలోళ్లు. నడిమధ్య కుర్చీ ఖాళీ. ముందరోడు గడువు తీరి దిగిపోయినాడు, ఎనకొచ్చేవాడు తేలలేదు. మూడు దినాల నుంచి ఓట్లేస్తాండారు. వీనికి ఓటేస్తే వానికి కోపం, వాణ్ణి నిలబెడితే వీడు లేచి తలుపు కాడికి పోతాడు. అన్నం లేదు, నీళ్లు లేవు. నాకు చూడబుద్ధి కాలేదు. వంటింట్లోకి పోయి డెబ్బై సంగటి ముద్దలు చేసి, చెనిక్కాయల ఊరిబిండి నూరి తెస్తి. తిన్నారప్పా! కొందరైతే ఏడ్చినారు."

"కారానికేమో" అన్నాడు యేసన్న.

"రుచికి లేరా. తిన్నంక నేను నిలబడి ఒకే మాట చెప్తి. 'సాములారా, ఎవుణ్ణి కుర్చీ ఎక్కించినా వాడు వాని దిక్కే గీసుకుంటాడు. ఏ దేశానికీ పనికిరానోణ్ణి ఒకణ్ణి ఎతుక్కోండి' అని. అంతే, డెబ్బై తలకాయలూ నా దిక్కు తిరిగె."

ఈ తూరి గట్టిగా నవ్వినారు. దాసప్ప పాలు లేని టీ ఒక గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టె. నాకు ఉషారు ఎక్కె.

"డెబ్బై ఓట్లూ నాకే. కుర్చీ ఎక్కేముందర ప్రమాణం చేయించినారు. అది మంత్రం మాదిరి ఇప్పటికీ నా నోట్లోనే ఉండాది. 'ఈ కుర్చీలో ఉన్నన్నాళ్లూ నా ఇంటి పరువు చూసుకోను, నా ఊరి పరువు చూసుకోను. ఉన్నదున్నట్ల చెప్తా.'"

ఆ మాట ఎందుకు అంటినో నాకే తెల్దు. యేసన్న చదివిందాన్ని నా నోరు అట్ల మార్చుకునింది. మారెక్క బిందె ఎత్తుకోకుండా నా మొగమే చూస్తాండాది. ఆడ ఆపి ఉంటే బాగుండు. కానీ ఆపితే ఆ మాట నామీదికే తిరిగొస్తాదని ఇంగా గట్టిగా అందుకుంటి.

"సుత్తి ఒకటి ఇస్తారప్పా, బల్లమీద కొట్టేదానికి. మొదటి దెబ్బకు రెండు యుద్ధాలు నిలిచిపాయె. కత్తి ఎత్తినోడు ఎత్తినట్లే ఇంటికి పోయి దాంతో కట్టెలు కొట్టుకున్నాడు. రెండో దెబ్బకు సూర్యునికి తాకీదు పోయె, పొద్దున పది దాటేదాకా ఎండ కాయకూడదని. సూర్యుడు చేవ్రాలు పెట్టి పంపిచ్చె. కాగితం కొంచెం కాలిండె, అంతే. మూడో దెబ్బ కొడితే ఏడు దేశాల్లో వాన. పదకొండు దినాలు. ఆపండి సామీ, పడవలు చాల్లేదు అని తంతులు వచ్చె!"

అప్పుడు అంగడి ఎనకాల నుంచి ఎవరో అడిగిరి. గొంతులో ఎగతాళి లేదు. "మన దిక్కు ఎందుకు కొట్టలేదు గోవిందప్పా?"

"రూలు" అంటి. "కుర్చీలో ఉన్నోడు సొంత ఊరికి మేలు చేసుకోకూడదు. సుత్తి పైకెత్తినా. మన చేలు గుర్తొచ్చినాయి. ఏడ్చుకుంటానే దించేస్తి."

ఎవరూ నవ్వలేదు. కోత అని తెలిసీ ఇద్దరు ముగ్గురు మొగాలెత్తి ఆకాశం దిక్కు చూసిరి. అది చూసి నాకు నామీదే అసహ్యం పుట్టె. ఆకలిగొన్నోళ్ల ముందర లేని వానను కురిపించి, దాన్ని మళ్లా వాళ్ల నోటి కాడి నుంచి లాక్కుంటి నేను.

"ఎనిమిది నెలలకే ఎందుకు దిగొస్తివి?" అన్నాడు యేసన్న. "గడువు ఏడాది కదా?"

"ఊరి మీద గాలి మళ్లె. ఇంగా మూడేండ్లు ఉండమని డెబ్బై దేశాలూ తలుపు కాడ అడ్డం పడుకునె. దాటుకుని వస్తి. అన్ని దేశాలకు పెద్దగా ఉండొచ్చినోణ్ణి, రేపు ఒక్క దొరతో నేను మాట్లాడక ఇంగెవరు మాట్లాడతారు?"

"ఆడ బాగా పెట్టినారా అన్నా తిండి?" అని అడిగె మారెక్క. మెల్లగా అడిగె.

"పెట్టకుండా? తట్టనిండా అన్నం, దాంట్లో గుంత చేసి నెయ్యి. ఇప్పటికీ తేపు వస్తాది."

"ఆ ప్రమాణం ఇంగొక తూరి చెప్పు."

నేను టీ గ్లాసులోకి చూస్తాంటి.

"నువ్వు చెప్పకుంటే నేను చెప్తా. ఇంటి పరువు చూసుకోను, ఊరి పరువు చూసుకోను, ఉన్నదున్నట్ల చెప్తా. అంతే కదా? యాభై రెండులో జీపు వచ్చిన పొద్దు నీ ఇంటి ఎనక పొయ్యి కాడ ఉండింది నేనే. నా కోడినే కోయిపిచ్చి, నాతోనే వండిపిస్తివి. గోడ అవతల మాటలన్నీ నాకు ఇనపడె. దొర అడిగింది ఎంబడొచ్చిన గుమాస్తా తెలుగులో చెప్పె. మీ ఊళ్లో జనం తింటాండారా అని. నువ్వేమంటివి?"

గ్లాసును బండమీద పెట్టి కిందికి దిగితి.

"చెప్పన్నా."

"మా ఊళ్లో పస్తులున్నోళ్లు ఎవరూ లేరు సామీ, రెండు పూట్లా తింటాం అంటి" అని చెప్తి.

ఎందుకంటినో మీకు ఎట్ల చెప్పల్ల? మా దిక్కు ఎవరన్నా 'తింటివా' అని అడిగితే 'ఆఁ, అయింది' అనల్ల. కుండ బోర్లించి మూడు దినాలైనా అంతే. ఇంటికొచ్చినోని ముందర లేదనే మాట రాకూడదని మా నాయన నాకు నేర్పింది. దొర కోడికూర తిన్నాడు, బాగుండాదన్నాడు, పుస్తకంలో ఏందో రాసుకుని పోయినాడు. గంజి కేంద్రం ఆరు మైళ్ల అవతల ఊళ్లో పెట్టినారు. ఎవరి గంజి వాళ్లు ఆడికి పోయి ఆడనే తాగల్ల, ఇంటికి తెచ్చుకోకూడదని కట్టు. మారెక్క అత్త కదిరమ్మ ముసలామె, అంత దూరం నడవలేక ఇంట్లోనే పండుకునె. రెండు నెలలకు పోయె. ఆమెను పూడ్చిన సాయంత్రమే నేను గుంతకల్లు దోవ పట్టింది. లోకసంఘం లేదు, ఏమీ లేదు. ఎనిమిది నెలలు మారెక్క మొగం చూడలేక మూటలు మోస్తి.

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదు మారెక్కా?" అన్నాడు దాసప్ప.

మారెక్క బిందె అంచు పట్టుకుని నేల చూసె. "యా మొగం పెట్టుకుని చెప్పేది? దొర జీపెక్కతా నన్నూ అడిగిచ్చె. నువ్వు తింటివామ్మా అని. రెండు దినాలైండె నేను తిని. కూర వండిన చేతులు కొంగుకు తుడుచుకుంటా, తింటి సామీ అంటి. అన్నకూ నాకూ తేడా ఏముండాది?"

బిందె వదిలి తలెత్తె. "అందుకే రేపు మాట్లాడేవాళ్లకు ఒకటే పరీక్ష. గోవిందన్నా, ఈ పొద్దు తింటివా?"

'ఆఁ, అయింది' అనే మాట నా నాలిక మీదికి వచ్చేసింది. నలభై ఐదేండ్ల అలవాటు. బంగారం లాంటి ఇస్త్రీ చొక్కా ఏసుకుని, డెబ్బై దేశాలకు సంగటి పెట్టినోణ్ణి, అందరి ముందర ఆ మాట మింగేస్తి.

"తినలేదు" అంటి. "నిన్న గూడా తినలేదు."

యేసన్న పేపరు మడిచి పక్కన పెట్టె. "నేనూ తినలేదప్పా" అన్నాడు. ఆమీట దాసప్ప. ఆమీట ఎనకాల నుంచి ఒకరు, ఇంగొకరు. ఎవరూ ఎవరి మొగమూ చూడలేదు.

మరుసటి దినం జీపు వచ్చె. ఊరంతా ఒప్పుకుని, మారెక్కనే మాట్లాడె. గుమాస్తా పాత పుస్తకం తిరగేసి, "యాభై రెండులో ఈ ఊళ్లో పస్తుల్లేవని రాసుండాదే, ఎవరు చెప్పినారు?" అనె. ఎవరూ నా దిక్కు చూడలేదు. చూసుంటే బాగుండు. నేనే ముందరికి పోయి, "నేను చెప్తి సామీ, అబద్ధం చెప్తి" అంటి. గుమాస్తా ఆ మాటను దొరకు చెప్పె. దొర తలూపి రాసుకునె.

ఆమీట ఏమైందో తెలుసునా? వారానికంతా బడి ముందర గంజి కాచినారు. అంతే. ఒక్క మాటకు వచ్చింది గంజి. ముసలోళ్లు ఊతకట్టె పట్టుకుని నాలుగడుగులు నడిచి వచ్చి తాగినారు. కదిరమ్మ ఉండుంటే ఆమె గూడా నడిచుండు.

నేను చెంబు పట్టుకుని వరసలో నిలబడితి. ముందర కాలు పడటం లేదు. నా ఎనక మారెక్క ఉండె.

"జరుగన్నా" అనె. "మాకూ ఆకలైతాంది."

జరిగితి.