గాలికెదురు పొయ్యి

"ఈశ్వరీ! ఓలె ఈశ్వరీ! కొంప అంటించీసేవేటే?"

ఇన్నావా నాన్నా? గోడవతల్నించి గంగాలమ్మత్త. పొయ్యి రాజేసానో నేదో, పేటంతా ఆవిడ గొంతు! గేసుండగా ఇదేం సోకే నీకు, అంటంది. సోకట! పొయ్యికి మట్టి తొక్కి తొక్కి కాళ్ళు సూడు, గోరింటాకెట్టుకున్నట్టు ఎర్రగా. కర్రలు వన్ టౌన్ అడితిలో కొన్నాను. ఆటోవోడు మోపు సూసి "ఎవలి పెళ్ళమ్మా?" అనడిగాడు. ఏటి సెప్పను ఆడికి?

నువ్వలా గుమ్మంలో కూకుని సూడకు. ఆ సూపొద్దు నాకు.

అమ్మ పొయ్యి తుపాను వానకి కరిగిపోయింది కదా. అలికే సెయ్యి నేక. పొద్దున్నే లేచి సూత్తే పెరట్లో ఎర్రటి బురద, మజ్జిన మసిబట్టిన ఇటికిలు. నాకేటనిపించిందో తెలుసా? అమ్మ ఎల్లిపోయాక దానికీ ఇక్కడ ఉండబుద్ది కానేదేమో అని. ఎర్రి ఆలోచనే. నువ్వు నవ్వుతావనుకున్నాను. నవ్వనేదు.

దినాలయ్యాయి, సుట్టాలెల్లిపోయారు. అప్పట్నించీ కంచంలో ఏలెట్టి తిప్పుతావు, సెయ్యి కడిగీత్తావు. నాను తినీసాను, నువ్వు తిను నాన్నా అన్నా అంతే. సన్యాసిరాజు మావ తెల్లారగట్ల వచ్చి "బావా, పడవ తోత్తన్నాం, రావేటి?" అని కేకేత్తే గోడకి తిరిగి పడుకుంటావు. నీ డొక్కలెలాగయ్యాయో సూసుకున్నావా? ఎండేసిన సేపలాగున్నావు.

నాకొక్కటే తోసింది. గేసు మీద పులుసు నీ నోటికెక్కట్నేదు. అమ్మ మట్టి దాకకి కర్రల మంటే కావాల. ఆ పొగ వాసనొత్తే నువ్వే లేసి కంచం దగ్గరికొత్తావు. అంతే కదా, ఏం?

అలికాను, ముగ్గెట్టాను, పసుపు రాసి బొట్టెట్టాను. పాలు పొంగించాను. సముద్రం దిక్కుకే పొంగాయి నాన్నా! ఎంత సంబరమేసిందో. అప్పుడే గంగాలమ్మత్త గోడ మీంచి తొంగిసూసి నెత్తి కొట్టుకుంది. "ఓసి ఎర్రి గుంటా! గాలికెదురుగా కూకునేలా ఎడతారేటే పొయ్యి? పొగంతా మొకానికే కొడతాది. మీయమ్మ సముద్రానికి ఈపు పెట్టి కూకునీది కదే!"

నిజమా నాన్నా?

నాకు గుర్తున్న అమ్మ అలాగ నేదు. కర్రలు ఎగదోత్తా, కొంగుతో మొకం తుడుసుకుంటా, సముద్రం కేసి సూత్తా ఉండీది. దూరంగా రేవు కోసం ఆగిన ఓడలు, వాటి మజ్జిన సిన్నగా నీ పడవ. ఆ బొమ్మే నా కళ్ళల్లో ఉంది. ఆ బొమ్మ కోసమే ఇలాగ కట్టాను.

కానీ అత్త అన్నాక ఒకటి గుర్తొచ్చింది. సిన్నప్పుడడిగాను, "నాన్న పడవొచ్చీసిందేమో సూడమ్మా" అని. అమ్మ తిరగనేదు. "సూత్తా కూకుంటే బయ్యమేత్తాదే. ఇటు తిరిగి వండుకుంటంటే మీ నాన్నే వచ్చీత్తాడు" అంది. మరి నాను సూసిన అమ్మ ఎవలు? నానే అల్లుకున్నానా?

నువ్వు పెతీసారీ వచ్చీసేవు. ఇంట్లో కూకున్న మనిసే ఎల్లిపోయింది.

సరేలే. పులుసు మరుగుతంది. కవళ్ళ సేపలే ఏసాను. సింతపండు ఎక్కువైందేమో, ఓపాలి రుసి సూడు. ఒక్క ముద్ద. నీకు దండమెడతాను నాన్నా, ఒక్క ముద్ద.

ఏటి, లేసేవు? తువ్వాలెందుకు దులుపుతన్నావు? అటెందుకెల్తన్నావు... ఓ. గాలికి అడ్డమెడతన్నావా? నాకూ సముద్రానికీ మజ్జిన రెండు సేతులా తువ్వాలు పట్టుకుని అలాగ నిలబడిపోయేవేటి?

ఒద్దు నాన్నా. దించీ.

సెయ్యి నొప్పెడతాది, దించీయంటన్నాను కదా!

సూసేవా... పొగ అటెల్లిపోయింది. నా కళ్ళనీళ్ళు మాత్రం ఆగట్నేదు.

పొగ కాదు నాన్నా. పొగైతే ఈపాటికి ఆగీది. "మీ నాన్నని నువ్వే సూసుకోవాల" అని అందరూ నాకు అప్పజెప్పి ఎల్లిపోయారు. దినాల్లో కూడా నానేడవనేదు, నువ్వు సూత్తావని. నాను తినీసాను, నువ్వు తిను అంటాను సూడు? రోజూ అబద్దమే.

నాకూ ముద్ద దిగట్నేదు నాన్నా. అమ్మ పోయినకాణ్ణించీ.