రాజయ్య రాసిన ఇంగ్లీషు మాట

(నానక్‌రామ్‌గూడలో ఒక ఆఫీసు టవర్. గేటు బయట టీ కొట్టు. శ్రావణి ఆరో అంతస్తులో ఇంజనీరు. కిష్టమ్మ అదే అంతస్తు తుడిచే మనిషి.)

“గిదే మేడం, గీ మాట. నా మీద రిపోర్టుల ఏం రాసిండు మా సూపర్‌వైజర్ రాజయ్య?”

“సెడ్యులస్. కిష్టమ్మ సెడ్యులస్ అని రాశాడు. ఈ రిపోర్టు ఫోటో నీకెవరిచ్చారు?”

“ఎవలో ఇచ్చిండ్రు తీ. దొంగ అని రాసిండా?”

“ఛ, కాదు. మంచి మాటే. ఒళ్లు దాచుకోకుండా పనిచేస్తావని.”

“మరి నా కార్డెందుకు గుంజుకున్నరు? నాలుగు దినాలాయె, గేటుల అడుగు పెట్టనిస్తలేరు.”

“నా ఉంగరం సంగతి తేలేదాకా అంతే కదా కిష్టమ్మా. నేను నీ పేరు చెప్పలేదు. పోయిందని మెయిల్ పెట్టానంతే.”

“బాత్రూంల సింకు కాడ పెట్టిన అన్నవట. ఆ సింకు తుడిచేది నేనొక్కదాన్నేనాయె.”

“అంతమందికి మెయిల్ పోయినాక, మళ్లీ నేనేమని...”

“మల్ల నువ్వేమని?”

“ఏం లేదు. మాట మంచిదే అంటున్నా.”

“మంచిదైతే అందరికి తెలిసిన మాటే రాస్తుండె. దీంట్ల ఏదో మతలబుంది.”

“ఫోన్‌ని అడిగి రాసుంటాడు. అది ఇట్లాంటి పెద్ద మాటలే ఇస్తుంది.”

“నువ్వు గూడ అడుగు. నా ముంగటనే.”

“సరే... ఇదిగో. లాటిన్ నుంచి వచ్చిందంట. ‘సే డోలో’. సే అంటే లేకుండా. డోలో అంటే...”

“ఆగినవేంది?”

“మోసం. మోసం లేకుండా అని. మనసులో మోసం లేకుండా చేసేవాళ్లు శ్రద్ధగా చేస్తారని, ఆ అర్థం తర్వాత వచ్చిందంట.”

“మల్ల చెప్పు.”

“మోసం లేకుండా.”

“గంత మంచి మాట చదివి చాయ్ గిలాస గట్ల కింద పెట్టినవేంది మేడం?”

“టీ కాలింది. నాకు మీటింగ్ ఉంది, పోవాల.”

“జర ఆగు. రేపు పదింటికి రమ్మన్నరు. ఉంగరం దొరకకుంటే నా పని పోయినట్టే. పదకొండేండ్ల సంది చేస్తున్న. దొరికితే చెప్తవా?”

“దొరికితే చెప్పనా? నేనేమన్నా...”

“ఇంకా దొరకలే?”

“లేదంటున్నా కదా! ఎన్నిసార్లు అడుగుతావు?”

“ఓపికగ అడుగక్కా, ఆమెనే చెప్తది అన్నది మా చెల్లె.”

“మీ చెల్లెలెవరో నాకేం తెలుసు?”

“చెన్నమ్మ. గోపన్‌పల్లిల మీ ఇంట్ల పని చేసేది. మొన్న మంగళారం వాషింగ్ మిషన్లకెళ్లి ఉంగరం తీసి నీ చేతుల పెట్టిందే, ఆ చెన్నమ్మ.”